అప్పుకంటే ముందు పెట్టె: బాలాపూర్‌లో రోహింగ్యా మహిళల పొదుపు సంఘం – ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌కు ఆగ్నేయాన, బాలాపూర్ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో వెదురు బొంగులు, టార్పాలిన్ పట్టాలు, పాత ఫ్లెక్సీలతో కట్టుకున్న గుడిసెల్లో కొన్ని వేల మంది రోహింగ్యాలు ఉంటున్నారు. మా సంస్థ పనిచేసిన శిబిరం అలాంటి వాటిలో ఒకటి. శిబిరం అన్న మాట వినగానే ప్రభుత్వమో, ఐక్యరాజ్యసమితో ఏర్పాటు చేసిన చోటని అనుకునే అవకాశం ఉంది. అది నిజం కాదు. స్థలం ప్రైవేటుది. గుడిసెకు ఇంతని యజమానికి నెలనెలా అద్దె ముడుతుంది. కరెంటుకు పక్క ఇంటి మీటరు నుంచి లాక్కున్న తీగే ఆధారం. మగవాళ్ళు భవన నిర్మాణంలో, మాంసం దుకాణాల్లో, తుక్కు గోదాముల్లో రోజు కూలికి వెళ్తారు. ఆడవాళ్ళు ఇంటి ముందే ప్లాస్టిక్‌నూ అట్టముక్కలనూ వేరుచేసే పని చేస్తారు.

వీరి మూలం మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వీరిని పౌరులుగా గుర్తించకుండా వదిలేసింది. మా శిబిరంలోని కుటుంబాల్లో అధికభాగం 2012 నాటి హింస తరువాత బంగ్లాదేశ్ మీదుగా భారతదేశానికి వచ్చినవి. 2017 ఆగస్టులో మొదలైన సైనిక చర్య వల్ల 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు, ఇక్కడి ప్రతి గుడిసెలోనూ ఎవరో ఒకరి అక్కో తల్లో ఆ దేశంలోని కాక్స్ బజార్ శిబిరాలకు చేరిన వాళ్ళలో ఉన్నారు. అందుకే ఇక్కడి ఆదాయంలో కొంత నేటికీ అక్కడికి వెళ్తూనే ఉంటుంది. ఇది ఏ సర్వే పత్రంలోనూ ‘ఖర్చు’గా కనిపించదు కాబట్టి మొదట్లోనే చెప్పడం అవసరమనిపించింది.

నేను ఈ పనికి వచ్చే ముందు పదిహేనేళ్ళకు పైగా కోస్తా జిల్లాల్లో గ్రామీణ పొదుపు సంఘాలతో పనిచేశాను. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాపసు, సక్రమమైన పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు నాకు కంఠతా వచ్చు. సంఘాలకు బ్యాంకు అప్పులు అందేలా 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ ఊతంతో మన ప్రాంతపు సంఘాలు ఎంత దూరం నడిచాయో చూశాను. అలాగే 2010లో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి పల్లెల్లో ఏం చేసిందో, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసినంత పరిస్థితి ఎందుకు వచ్చిందో దగ్గరగా చూశాను. ఇంత చూసిన తరువాత కూడా బాలాపూర్‌లో మొదటి ఏడాది మేము చేసినది తప్పు. ఆ తప్పుతోనే ఈ కేసు మొదలవుతుంది.

కుట్టుమిషన్ల అనుభవం

ఒక స్థానిక దాత ఇచ్చిన సొమ్ముతో ఎనిమిది మంది మహిళలకు తొక్కుడు కుట్టుమిషన్లు అప్పుగా ఇచ్చాము. మిషను ఖరీదు 6,500 రూపాయలు. వారానికి 250 చొప్పున 26 వారాల్లో తీర్చాలి, వడ్డీ లేదు. అంతకుముందు రెండు నెలలు కుట్టులో శిక్షణ కూడా ఇచ్చాము. పాతబస్తీలో బురఖాలు కుట్టించే కార్ఖానాలు చాలా ఉన్నాయి కాబట్టి, ముక్కకు ఇంతని పని దొరుకుతుందని, పిల్లలను విడిచి బయటికి పోకుండానే సంపాదించుకోవచ్చని మా లెక్క. కాగితం మీద ఆ లెక్కలో లోపం కనిపించలేదు.

మొదటి రెండు నెలలు నూటికి నూరు శాతం వసూలు అయింది. దాతకు పంపిన నివేదికలో ఆ సంఖ్యను గర్వంగా రాశాను. నాలుగో నెలకల్లా ఐదుగురు కంతులు ఆపేశారు. కారణం తెలుసుకుందామని వెళ్ళినప్పుడు, ఆపేసిన ఐదుగురి కన్నా సక్రమంగా కడుతున్న ముగ్గురి పరిస్థితే ఎక్కువ కలవరపెట్టింది. ఒకామె చెవి కమ్మలు అమ్మి కట్టింది. ఇంకొకామె మా కంతు కోసం గిరిగిరి ఫైనాన్స్ వాడి దగ్గర రోజువారీ అప్పు తెచ్చింది. మూడో ఆమె భర్త రేషన్ కోసం దాచిన డబ్బులోంచి తీసి కడుతోంది, ఆ సంగతి మీద ఇంట్లో రోజూ గొడవ. అంటే వడ్డీ లేని మా అప్పు తీరడానికి వాళ్ళు రోజు లెక్కన వడ్డీ పడే అప్పు చేస్తున్నారు. 2010కి ముందు మన పల్లెల్లో ఒక సంస్థ కంతు ఇంకొక సంస్థ అప్పుతో తీరుతూ ఉండగా, రెండు సంస్థల పుస్తకాల్లోనూ వసూలు బ్రహ్మాండంగా కనిపించిన రోజులు గుర్తుకు వచ్చాయి. వసూలు శాతం మంచి కొలమానమే, కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగనంత కాలం అది ఏమీ చెప్పదు. ఈ మాట ఇతరులకు శిక్షణలో చెప్పినదాన్నే నేను, నా సొంత రిజిస్టర్‌లో అడగడం మరిచాను.

పని ఎందుకు దొరకలేదు? కార్ఖానా యజమాని గుడ్డ తానును ఇంటికి పంపేది నమ్మకం మీద. ఆ నమ్మకానికి చిరునామా ఉండాలి, ఆధార్ నకలు ఉండాలి, లేదా ఊళ్ళో తెలిసినవాళ్ళ పూచీ ఉండాలి. ఈ మహిళలకు ఆ మూడూ లేవు. కాబట్టి మధ్యలో ఒక స్థానిక మహిళ తన పేరు మీద గుడ్డ తెచ్చి, వీళ్ళ చేత కుట్టించి, ముక్కకు వచ్చే కూలిలో దాదాపు సగం తాను ఉంచుకునేది. ఆమెను తప్పుపట్టలేను. గుడ్డ పాడైతే కట్టుకోవలసింది ఆమే. కానీ మిగిలిన సగంతో వారానికి 250 కట్టడం అసాధ్యం. మేము నైపుణ్యం ఇచ్చాము, పనిముట్టు ఇచ్చాము. అడ్డుపడినది ఆ రెండింటి కొరత కాదు, కాగితం లేకపోవడం.

మిషన్ల అప్పును రద్దు చేసి, మిషన్లను వాళ్ళకే వదిలేశాము. దాతకు ఈ విషయం వివరంగా రాశాము. అందుకు వారు అభ్యంతరం చెప్పలేదు.

కాగితం లేకపోవడం అంటే ఏమిటి

భారతదేశం 1951 శరణార్థుల ఒడంబడిక మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. మనకు శరణార్థుల కోసం ప్రత్యేకమైన చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు చాలామంది దగ్గర ఉంది, కానీ బ్యాంకు ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అంగీకరించే పత్రాలు వేరు: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆధార్, జాతీయ జనాభా రిజిస్టర్ లేఖ. ఈ పట్టికలో శరణార్థి కార్డు లేదు. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలకు కొత్త మార్గదర్శకాలు తెచ్చి, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేని అప్పు ఇవ్వవచ్చనీ, కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదనీ నిర్దేశించింది. మంచి నిబంధనలే. అయితే గుర్తింపు తనిఖీ అనే మొదటి గడప దాటలేని వారికి వీటి వల్ల మేలూ లేదు, రక్షణా లేదు. వారికి మిగిలేది గిరిగిరి ఒక్కటే.

ఉగాండాలో 2006 నాటి శరణార్థుల చట్టం శరణార్థులకు పనిచేసే హక్కునూ, దేశంలో తిరిగే హక్కునూ ఇచ్చింది. నకివాలే అనే పెద్ద శరణార్థి ఆవాసంలో 2020లో ఒక సూక్ష్మరుణ సంస్థ ఏకంగా శాఖనే తెరిచింది. ఆ నమూనాను చదివి ఉత్సాహపడి ఇక్కడ అమలు చేయబోయే వారికి నేను చెప్పేది ఒక్కటే. అక్కడ అప్పు వెనుక చట్టం ఉంది. ఇక్కడ ఆ చట్టం లేదు కాబట్టి అప్పు ఎక్కడ మొదలవాలో కూడా మారిపోతుంది.

నగదు లేకుండా చెల్లించే అలవాటు పెరిగాక ఈ ఇబ్బంది మరింత ముదిరింది. శిబిరం బయట కూరగాయలు అమ్మిన ఒక మహిళ పక్కన రెండు సాయంత్రాలు కూర్చున్నాను. బండి ముందు ఆగిన ప్రతి ముగ్గురిలో ఒకరైనా సంచిలో కూరగాయలు వేయించుకున్న తరువాత “స్కానర్ లేదా అమ్మా?” అని అడిగారు. ఆమె లేదని తల ఊపగానే కొందరు జేబులు తడుముకుని చిల్లర ఇచ్చారు, కొందరు సంచి బండి మీదే బోర్లించి పక్క బండికి వెళ్ళిపోయారు. బ్యాంకు ఖాతా లేనిదే స్కానర్ రాదు. ఆమె చెప్పిన ధర తక్కువే, టమాటా తాజాగానే ఉంది. అయినా బేరం పోయింది.

పెట్టె

రెండో ప్రయత్నంలో మేము ఏమీ ఇవ్వదలచుకోలేదు. ముందు అడగదలచుకున్నాము. మూడు వారాల పాటు గుడిసెల్లో కూర్చుని, ‘మీకు ఏం పెట్టుబడి కావాలి’ అన్న ప్రశ్నను పక్కనబెట్టి, ‘మీ చేతిలోకి వచ్చిన డబ్బు ఎక్కడ పెడతారు’ అని అడిగాము. బియ్యం డబ్బాలో, దిండు గలీబులో, చంటిపిల్ల తాయెత్తులో అన్నారు. అగ్గి పుడితే పోతుంది, వాన నీళ్ళు వస్తే పోతుంది, భర్తకు కనబడితే పోతుంది, బంధువు అడిగితే కాదనలేక పోతుంది. పట్టాలతో కట్టిన గుడిసెలకు అగ్నిప్రమాదం ఊహల్లోని భయం కాదు. ఢిల్లీ కాళిందీ కుంజ్‌లోని రోహింగ్యా శిబిరం 2018లో ఒకసారి, 2021లో మరోసారి కాలిపోయింది. ఒక పెద్దామె అన్న మాట నా నోటు పుస్తకంలో అలాగే ఉంది. “అప్పు ఇస్తామని చాలామంది వస్తారు ఆపా. దాచిపెడతామని ఎవరూ రాలేదు.”

అక్కడి నుంచి మా పని మలుపు తిరిగింది. 1991లో నైజర్ దేశంలోని మరాడి ప్రాంతంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతిని ఎంచుకున్నాము. మూడు తాళాల ఇనుప పెట్టె, ముగ్గురు తాళంచెవుల వాళ్ళు, నాలుగో చోట పెట్టె. డబ్బు సభ్యుల కళ్ళ ముందే పెట్టెలో పడుతుంది, వాళ్ళ కళ్ళ ముందే బయటికి వస్తుంది. ఏడాది చివర అంతా పంచుకుని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. మన గ్రామీణ సంఘాల్లో నిధి ఏటికేడు పెరుగుతూ పోవాలని నేర్పుతాము. ఇక్కడ ఏడాదికోసారి పంచుకోవడమే సరైనది, ఎందుకంటే రేపు ఎక్కడ ఉంటామో తెలియని వాళ్ళ డబ్బు పెట్టెలో ఏళ్ళ తరబడి ఇరుక్కోకూడదు. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాము. సభ్యుల డబ్బును మా సంస్థ ముట్టుకోలేదు, మా ఆఫీసులో దాచలేదు, మా ఖాతాలో వేయలేదు. డిపాజిట్లు సేకరించే అధికారం మాకు లేదు, ఆ గీత దాటితే ముందు నష్టపోయేది వాళ్ళే.

మొదటి సంఘంలో 18 మంది చేరారు. వాటా 20 రూపాయలు. వారానికి ఒకటి నుంచి ఐదు వాటాల వరకు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు వేయవచ్చు. అందరూ సమానంగా వేయాలన్నది మన డ్వాక్రా సంఘాల అలవాటు. నేను దానికే మొగ్గు చూపాను కానీ, సభ్యులు ఒప్పుకోలేదు. తుక్కు పని వానాకాలంలో సగానికి పడిపోతుందని, ఒకే మొత్తం పెట్టుకుంటే జులైలో సంఘం విరిగిపోతుందని వాళ్ళు ముందే చెప్పారు. చెప్పినట్టే ఆ జులైలో ఎక్కువమంది ఒక్క వాటాతో సరిపెట్టారు. ఎవరూ మానలేదు.

సమావేశం శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్ళు నమాజుకు వెళ్ళిన వేళ. బయట వేరుచేసిన ప్లాస్టిక్ గుట్టల మధ్య చాప పరుస్తారు. ఒక్కొక్కరూ ఓణీ కొంగు ముడి విప్పి, నలిగి గుడ్డపీలికల్లా అయిన పదుల నోట్లు తీసి చాప మీద సాపు చేసి పెడతారు. వాటికి పొగవాసన, ఎండుచేపల వాసన. ఇద్దరు లెక్కించి బిగ్గరగా చెబుతారు, మిగతావాళ్ళు అదే అంకెను తిరిగి పలుకుతారు. చదువు వచ్చినవాళ్ళు ఇద్దరే కాబట్టి పాస్‌పుస్తకంలో అంకెల బదులు చేప బొమ్మ రబ్బరు ముద్ర వేస్తాము, వాటాకు ఒక చేప. నాలుగో వారానికల్లా ప్రతి సభ్యురాలు తన చేపలే కాదు, పక్కామె చేపలు కూడా ఎన్నో చెప్పగలిగింది. పుస్తక నిర్వహణ ఇంత పారదర్శకంగా జరగడం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

వడ్డీ సంగతి

మూడో నెలలో పెట్టెలో దాదాపు పది వేలు చేరాక, అంతర్గత అప్పుల ప్రస్తావన వచ్చింది. మన సంఘాలకు నూటికి రూపాయి వడ్డీయే ఆదాయం, అదే నిధిని పెంచుతుంది. నేను అదే చెప్పాను. చాప మీద ఒక్కసారిగా మౌనం. తీసుకున్న వడ్డీ తమ పిల్లల అన్నంలో కలవడం తమకు ఇష్టం లేదని చివరికి ఒకరు చెప్పారు. బయట నూటికి పది కడుతున్నారు కదా అన్నాను. కట్టడం గతిలేక, తీసుకోవడం మాత్రం మా చేతిలో ఉన్న పని అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదని తరువాత అర్థమైంది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. అప్పుకు వడ్డీ లేదు. అప్పు ఉన్నా లేకపోయినా ప్రతి సభ్యురాలు వారానికి 5 రూపాయలు సంఘం ఖర్చుకూ సహాయ నిధికీ వేస్తుంది. పొదుపు చేసినదానికి మూడింతల వరకు అప్పు దొరుకుతుంది, 12 వారాల్లో తీర్చాలి. ఏడాది చివర ఎవరి పొదుపు వాళ్ళకు అసలు అసలుగా వస్తుంది, దాని మీద లాభం ఉండదు. లాభం లేకపోతే పొదుపు చేయరని నేను భయపడ్డాను. చేశారు. వాళ్ళకు కావలసింది ఆదాయం కన్నా భద్రత అని ముందు ఆ పెద్దామె చెప్పనే చెప్పింది.

రోహింగ్యాల భాష చిట్టగాంగ్ ప్రాంతపు యాసకు చాలా దగ్గర. గ్రామీణ్ బ్యాంకు సూక్ష్మరుణ నమూనా 1976లో ఆ చిట్టగాంగ్ పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో, 42 మందికి మొత్తం 27 డాలర్ల పాటి అప్పుతో పుట్టింది. ఆ గ్రామం మాటకు బంధువైన మాట మాట్లాడే స్త్రీలు, యాభై ఏళ్ళ తరువాత కూడా ఆ ఏర్పాటుకు బయటే ఉండటం నన్ను బాధపెడుతుంది.

మొదటి ఏడాది పెట్టెలో చేరిన పొదుపు దాదాపు 38 వేల రూపాయలు. ఇచ్చిన అప్పులు 31. అందులో వ్యాపారానికి తీసుకున్నవి 12 మాత్రమే. మిగిలిన 19 గుడిసె అద్దెకు, కాన్పుకు, జ్వరాలకు, ఒక అంత్యక్రియకు, రెండు పాఠశాల ఖర్చులకు వెళ్ళాయి. ఉత్పాదక రుణం కానిదాన్ని నివేదికల్లో కొంచెం సిగ్గుపడుతూ రాసే అలవాటు మన రంగంలో ఉంది. ఆ అలవాటు మానుకోవాలి. కాన్పుకు తీసుకున్న 3,000 అప్పు గిరిగిరి వాడి దగ్గర తీసుకోకుండా తప్పించిన అప్పు. ఆ కుటుంబానికి అంతకు మించిన లాభం ఏ కుట్టుమిషనూ తేలేదు.

ఎండుచేపలు

వ్యాపారపు అప్పుల్లో ఒకదాని గురించి విడిగా చెప్పాలి. ముగ్గురు పిల్లల తల్లి, భర్త వెన్నుపూస దెబ్బతిని పనికి పోలేని మనిషి. ఆమె 3,000 అడిగింది, ఎండుచేపలు అమ్ముతానంది. నాకు నమ్మకం కలగలేదు. శిబిరంలో అమ్మితే కొనేవాళ్ళ దగ్గర డబ్బు ఎక్కడిది అనుకున్నాను. అయితే నిర్ణయం సంఘానిది, నాది కాదు. వాళ్ళు ఇచ్చారు.

ఆమె బేగంబజార్ చేపల మార్కెట్‌కు వెళ్ళి 12 కిలోల నెత్తళ్ళు కిలో 220 చొప్పున తెచ్చింది. ఆటోకు 160 అయింది. ఇంట్లో వాటిని మళ్ళీ ఒక ఎండ ఎండబెట్టి, తలలు గిల్లి, 100 గ్రాముల పొట్లాలు కట్టి 35 రూపాయలకు అమ్మింది. పది రోజుల్లో అంతా అయిపోయింది. తరుగు పోను, అరువు పోను చేతిలో 1,100 మిగిలింది. రహస్యం ఏమీ లేదు. రోహింగ్యా ఇళ్ళలో ఎండుచేప లేనిదే కూర లేదు, అది కొనడానికి అప్పటిదాకా ఒక్కొక్కరూ విడివిడిగా ఆటో ఖర్చు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఇంకా ముఖ్యమైనది, ఈ బేరం అంతా నగదులో, తెలిసిన ముఖాల మధ్య జరుగుతుంది. స్కానర్ అడిగేవాళ్ళు లేరు, ఆధార్ అడిగేవాళ్ళు లేరు.

రెండో నెలలో నేను ఊహించనిది జరిగింది. శిబిరం వెనుక వీధిలో ఉండే శ్రీకాకుళం, పాలమూరు తాపీమేస్త్రీల కుటుంబాలు ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, మావాళ్ళకు నెత్తళ్ళతో పాటు ఎండు సావిళ్ళు, ఎండు రొయ్యలు కూడా కావాలని ఆమెకు చెప్పగలిగాను. ఈ కేసు మొత్తంలో ఒక వ్యాపార సలహాగా నేను ఇచ్చినది అదొక్కటే. ఆమె రొయ్యలు తెచ్చి అమ్మింది. వాటి పొట్టును కూడా పొడి చేసి విడిగా అమ్మవచ్చని నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

కుట్టుమిషన్లు బయటి మార్కెట్‌ను నమ్ముకున్నాయి. ఆ మార్కెట్ తలుపు దగ్గర కాగితం అడిగారు. ఎండుచేపలు లోపలి మార్కెట్‌తో మొదలై, పొరుగుకు తమంతట తామే నడిచాయి. శరణార్థి మహిళల జీవనోపాధి గురించి ఆలోచించేవారు ముందు ఆ శిబిరం తానే ఏం కొంటోందో, ఎంత దూరం వెళ్ళి కొంటోందో ఒక నెల రాసిపెట్టుకోవాలని ఈ అనుభవం తరువాత నేను గట్టిగా కోరుతున్నాను.

పదకొండు వారాలు

రెండో ఏడాది ఒక సభ్యురాలికి 2,400 అప్పు ఉంది, వారానికి 200 కంతు. నాలుగు కంతులు కట్టింది. ఐదో వారం గుర్తింపు తనిఖీల్లో భాగంగా ఆమె భర్తను తీసుకెళ్ళారు. ఎక్కడ ఉంచారో తెలియడానికే ఎనిమిది రోజులు పట్టింది. ఆయన తిరిగి వచ్చేదాకా పదకొండు వారాలు ఆమె ఒక్క కంతూ కట్టలేదు. మొదటి మూడు వారాలు సమావేశానికే రాలేదు, సిగ్గుతో.

ఐదుగురు సభ్యులు ఒకరికొకరు జామీను ఉండే ఉమ్మడి పూచీ పద్ధతి పెట్టి ఉంటే ఆ వారమే మిగతా నలుగురు ఆమె గుడిసె ముందు నిలబడేవారు. అలా నిలబడటం ఎలా ఉంటుందో మన పల్లెల్లో చూశాను కాబట్టి ఆ పద్ధతిని మొదటే వద్దన్నాను. ఒకరి మీద పడే దెబ్బ పక్కవాళ్ళ మీద పడే దెబ్బతో సంబంధం లేనిదైతే ఉమ్మడి పూచీ పనిచేస్తుంది. ఇక్కడ తనిఖీ వచ్చినా, స్థల యజమాని ఖాళీ చేయమన్నా, వాన వచ్చినా ఆ దెబ్బ అందరి మీదా ఒకేసారి పడుతుంది. అందరూ మునిగేటప్పుడు ఒకరిని ఒకరికి కట్టడం పూచీ కాదు.

సంఘం తీసుకున్న నిర్ణయం తీర్మానాల పుస్తకంలో ఇలా ఉంది: ఆమె భర్త వచ్చేదాకా కంతులు ఆపాలి, సహాయ నిధి నుంచి 1,000 రూపాయలు బియ్యానికి ఇవ్వాలి, దాన్ని తిరిగి అడగకూడదు, ఇద్దరు సభ్యులు వెళ్ళి ఆమెను సమావేశానికి తీసుకురావాలి. నాలుగో వారం ఆమె వచ్చింది. పొదుపు వేయడానికి ఏమీ లేదు, ఊరికే కూర్చుంది. భర్త తిరిగి వచ్చాక వారానికి 100 చొప్పున మిగిలిన 1,600 తీర్చింది, 16 వారాల్లో. ఏ బ్యాంకు లెక్కలోనైనా ఆ అప్పు తీరేలోపే మొండి బకాయి జాబితాకు ఎక్కేది.

శరణార్థులకు అప్పిస్తే రాత్రికి రాత్రి పారిపోతారన్న మాట నేను చాలా సమావేశాల్లో విన్నాను. మా మూడేళ్ళలో రెండు కుటుంబాలు అప్పు ఉండగానే వేరే నగరాలకు వెళ్ళాయి. ఒకరి బకాయి 700. వాళ్ళ పొదుపులోంచి సరిపెట్టగా మిగిలినది వాళ్ళకే పంపాము. రెండోవారిది 1,300, అందులో 900 రాలేదు. ఇంతవరకు సంఘానికి జరిగిన నష్టం అదొక్కటే. అసలు ప్రమాదం వాళ్ళు వెళ్ళిపోవడంలో లేదు, ఉన్నచోట నిలబడనివ్వని పరిస్థితిలో ఉంది. ఆ పరిస్థితిని అప్పు తీర్చలేదు, పొదుపు కూడా తీర్చలేదు. అది చట్టం పని. ఈ మాట స్పష్టంగా చెప్పకుండా విజయగాథ రాస్తే వాళ్ళకు అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు

మూడో ఏడాది పంపకం రంజాన్‌కు రెండు వారాల ముందు జరిగింది, తేదీని సభ్యులే ఎంచుకున్నారు. ఇప్పుడు రెండు సంఘాలు, 37 మంది. రెండో ఏడాది మొదట్లో స్థానిక దాతల నుంచి మొదటి సంఘానికి 40,000 రూపాయలు మూలనిధిగా ఒక్కసారి ఇచ్చాము, అప్పుగా కాదు. దాన్ని వార్షిక పంపకంలో కలపకుండా విడిగా ఉంచి, పొదుపుతో వచ్చే అప్పు చాలని వారికి ఇస్తున్నారు. కుట్టుమిషన్లు తీసుకున్న ఎనిమిది మందిలో ఇద్దరు శిబిరంలోనే పిల్లల బట్టలు కుడుతున్నారు, రంజాన్ నెలలో చేతినిండా పని. మిగిలిన ఆరు మిషన్లలో మూడు అమ్ముడయ్యాయి.

ఎండుచేపలావిడ ఇప్పుడు 30,000 అడుగుతోంది. కాకినాడ నుంచి నేరుగా బస్తాలు తెప్పిస్తే కిలోకు యాభై, అరవై తగ్గుతుంది, కానీ అక్కడి వ్యాపారి డబ్బు బ్యాంకు ద్వారానే అడుగుతాడు. వెనుక వీధిలోని ఒక మేస్త్రీ భార్య, తన ఊళ్ళో పొదుపు సంఘం సభ్యురాలు, సరుకును తన పేరుతో కొని ఈమెకు నగదుకు అమ్ముతానంది. బస్తాకు వంద తీసుకుంటానంది. ‘మన రొయ్యలు మన చెల్లి అమ్ముతుంటే నాకేం బరువు’ అని నాతో తెలుగులో అంది. సంఘం ఈ విషయం మీద రెండు శుక్రవారాలు చర్చించింది. ఒక్క మనిషి మంచితనం మీద 30,000 ఆనించడం సరైనదేనా, ఆ కుటుంబం పని ముగిసి శ్రీకాకుళం వెళ్ళిపోతే ఏమవుతుంది, కుట్టుగుడ్డ తెచ్చిన ఆవిడ సంగతి మరిచామా అని అడిగినది మా సిబ్బంది కాదు, సభ్యులే. చివరికి మూలనిధి నుంచి 12,000 ఇచ్చి, మిగిలిన సరుకు బేగంబజార్ నుంచే తెచ్చుకోమని, మూడు విడతలు సవ్యంగా జరిగాక మళ్ళీ మాట్లాడదామని తీర్మానించారు. మొదటి రెండు బస్తాలు వచ్చే నెల మొదటి వారంలో రావాలి.